పొల్లు పోయిన ఎలుక

“నా కళ్ళ ముందు నుంచి పులి తప్పించుకోవచ్చు, పొగ తప్పించుకోవచ్చు. పొల్లు మాత్రం తప్పించుకోలేదు బావా! కేసు నా చేతికొచ్చింది. ఇక నువ్వు నిశ్చింతగా వణకొచ్చు.”

ఈ ప్రకటన చేసిన మనిషి అప్పటికింకా లోపలికి రాలేదు. ‘లాగండి’ అని రాసి ఉన్న అద్దాల తలుపుని బయట నిలబడి భుజంతో నెడుతున్నాడు. బావ జాలిపడి లోపలి నుంచి తోశాడు. తలుపు వెళ్ళి ఆ మనిషి ముక్కుకి తగిలింది.

“దాడి!” అని అతను ముక్కు పట్టుకున్నాడు. “గుమ్మంలోనే నా మీద మొదటి దాడి. శత్రువు మన రాకని పసిగట్టాడు. టైము రాసుకో.”

“తోసింది నేనేరా,” అన్నాడు బావ.

“నీ చేత తోయించింది ఎవరు? అసలు ప్రశ్న అది.”

ఈ బావమరిది ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. అచ్చుకి వెళ్ళే ప్రతి కాగితంలోనూ ఊడిపోయిన సున్నాలు, జారిపోయిన దీర్ఘాలు, ఎగిరిపోయిన పొల్లులు వెతికి ఎర్ర పెన్నుతో పట్టివ్వడం అతని ఉద్యోగం. అందుకే ప్రెస్సులో అందరూ అతన్ని పొల్లు పోలీసు అంటారు. అతను మాత్రం తన పేరు డేగకన్ను అని చెప్పుకుంటాడు. సెలవు రోజుల్లో డిటెక్టివ్‌గా ఇప్పటికి ఆరు కేసులు చేపట్టాడు. వాటిలోకెల్లా పెద్దది ఎదురింటివాళ్ళ గొడుగు మాయమైన కేసు. దాని కోసం మూడు రోజులు జోరువానలో వీధులన్నీ గాలించాడు, ఒక్క చుక్క తడవలేదు. వెతుకుతున్న గొడుగు అతని నెత్తి మీదే ఉంది.

బావమరిది మన బతుకు కోరతాడని సామెత. బావకి ఆ సామెత మీద నమ్మకం పెళ్ళైన ఏడాదికే పోయింది. కానీ ఆ రోజు పొద్దున్న కాళ్ళూ చేతులూ ఆడక ఇంటికి ఫోన్ చేశాడు. “కంగారు పడకండి, తమ్ముణ్ణి పంపిస్తున్నాను,” అంది భార్య. దాంతో ఉన్న కంగారు రెండింతలైంది.

జరిగింది ఇది. బావ ఒక చిన్న జంతు ప్రదర్శనశాలలో సంరక్షకుడు. పద్ధెనిమిదేళ్ళుగా ఆయన సంరక్షిస్తున్నది ఒక్క జాతినే, అడవి ఎలుకని. ఇళ్ళలో సబ్బులు కొరికే బాపతు కాదు. జానెడు ఒళ్ళు, కుంచె లాంటి తోక, మిరియపు గింజల్లాంటి కళ్ళు. సూదుల్లాంటి పైన్ ఆకులు తప్ప మరొకటి ముట్టదు. తినగా మిగిలిన ఆకుని వెంట్రుకల్లా చీల్చి, ఆ పీచుతో పడక వేసుకుంటుంది. అడవిలో ఇవి నలభై ఒకటి మిగిలాయని లెక్క. మనుషుల పెంపకంలో ఉన్నది ఒకే ఒక్కటి, అది బావ చేతుల మీద పెరిగిన ఆడ ఎలుక. దాని జోడు పోయిన నెల ముసలితనంతో పోయింది. ఆ పూట బావ ముద్ద మింగలేదు. భార్య అడిగితే కడుపులో బాగోలేదన్నాడు.

రెండు నెలల కిందట డైరెక్టరమ్మకి ఒక ఆలోచన వచ్చింది. “జనానికి అరుదైనదాని విలువ తెలియాలంటే పక్కనే అతి మామూలుది ఒకటి ఉండాలయ్యా,” అని, ఎలుక గది పక్కన అద్దాల కప్పున్న గదిలోకి తొట్టితో సహా ఒక పైన్ చెట్టుని దింపించింది. కొండల్లో ఎక్కడ చూసినా ఆ చెట్టే. పెట్టెలు దాంతోనే చేస్తారు, పెన్సిళ్ళూ దాంతోనే చేస్తారు. దాన్ని చూడటానికి ఎవరూ ప్రత్యేకంగా రారు. అప్పటి నుంచి కింద ఒకటి ఎలుక గది, ఒకటి పైన్ గది. వారం కిందట రెండు గదుల మధ్య గోడకి ఒక పెద్ద బోర్డు కూడా పెట్టారు.

బోర్డు మీద ఎడమ వైపు ఎలుక, కుడి వైపు పైన్. ఎత్తు: జానెడు, ఎనభై అడుగులు. ఆయుష్షు: మూడేళ్ళు, మూడు వందల ఏళ్ళు. అడవిలో మిగిలినవి: నలభై ఒకటి, లెక్కలేనన్ని. మా దగ్గర ఉన్నవి: ఒకటి, ఒకటి. చివర ఇంకా కాస్త చోటు మిగిలిందని డైరెక్టరమ్మ ఇంకో వరస కూడా రాయించింది. తోక: కలదు, లేదు.

“బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టినట్టుందమ్మా,” అన్నాడు బావ అప్పుడు. డైరెక్టరమ్మ వినలేదు.

ఇక అసలు సంగతి. ఈ రోజు సాయంత్రం నాలుగింటికి పెద్ద కమిటీ వస్తోంది. ఎలుక ఇక్కడ క్షేమంగా ఉందనిపిస్తే ఈ గది కొనసాగుతుంది. లేదనిపిస్తే దాన్ని దూరంగా ఉన్న పెద్ద కేంద్రానికి తరలించి, ఈ గది మూసేస్తారు. గది లేకపోతే బావ ఉద్యోగమూ లేదు. అలాంటి రోజున తొమ్మిదింటికి వచ్చి చూస్తే బోను ఖాళీ. గొళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది, ఎలుక లేదు. బావ కుర్చీలో కూలబడ్డాడు. ఆ కుర్చీలోనే ఆయన కళ్ళజోడు ఉంది.

“అంటే కళ్ళజోడు హత్య, ఎలుక అపహరణ. జంట నేరాలు!” అన్నాడు డేగకన్ను, విరిగిన ముక్కలు చూసి.

“గట్టిగా అరవకు. డైరెక్టరమ్మకి ఇంకా తెలియదు. పైన ఉపన్యాసం బట్టీ పడుతోంది.”

డేగకన్ను జేబులోంచి భూతద్దం తీసి బోను దగ్గర బోర్లా పడుకున్నాడు. కాసేపటికి రెండు వేళ్ళతో ఏదో పైకెత్తాడు. “వెంట్రుక! ఎర్ర జుట్టు మనిషి! అంతర్జాతీయ ముఠా బావా, నేను ముందే అనుకున్నాను.”

“నీ మఫ్లర్ దారంరా అది.”

నిజమే. అతని మెడలోని ఎర్ర ఉన్ని మఫ్లర్ అక్క అల్లి ఇచ్చింది. ఒక కొస ఊడిపోయి మూరెడు దారం ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. ముడి వేయించుకోమంటే, డిటెక్టివ్ అన్నాక ఎక్కడో ఒక దారం దొరకాలి కదా అంటాడు.

“సరే, ఈ అడుగులు చూడు. రెండు ముందు, రెండు వెనక. అంటే దొంగలు ఇద్దరు.”

“ఎలుకకి నాలుగు కాళ్ళుంటాయి.”

“అది నువ్వనుకుంటున్నావు,” అని డేగకన్ను లేచి బల్ల మీదున్న లావాటి పుస్తకం అందుకున్నాడు. “ఇదేమిటి?”

“డ్యూటీ రిజిస్టరు. పొద్దుటి డ్యూటీ ఆవిడ ఆరింటికి వచ్చి ఎనిమిదింటి రైలుకి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఏదో రాసి పెట్టింది. కళ్ళజోడు లేక చదవలేకపోతున్నాను. ఫోన్ చేస్తే అందుబాటులో లేదంటోంది. రైలు కొండల్లో ఉన్నట్టుంది.”

ఎవరైనా చేత్తో రాసిన కాగితం కంటపడితే డేగకన్ను కుడిచెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. అక్క కాపురానికి వచ్చిన కొత్తలో రాసిన ఉత్తరాలన్నీ దిద్ది ఆమెకే తిరుగుటపాలో పంపినవాడు. ఇప్పుడూ ఎర్ర పెన్ను బయటికొచ్చింది. ఒక చోట దీర్ఘం పెట్టింది, ఒక చోట అనవసరమైన పొల్లు కొట్టేసింది, ఒక చోట చుక్క పొడిచింది.

“ఛీ ఛీ, రెండు లైన్లలో మూడు తప్పులు! ముందు ఈవిడ మీద భాషని చంపిన కేసు పెట్టాలి.”

“తర్వాత పెడుదువుగాని. ఏం రాసిందో చదువు!”

“‘ఎలుక పైన గదిలో ఉంది. తలుపు తీయవద్దు. మిగతాది వచ్చాక చెబుతాను.’ అంతే.”

బావకి పోయిన ప్రాణం లేచొచ్చింది. “పైన గదిలో ఉందా! బోను కడగడానికి పైకి మార్చి ఉంటుంది. పద పద.”

“ఆగు!” డేగకన్ను చెయ్యి అడ్డం పెట్టాడు. “అమాయకుడివి బావా. అందుకే మా అక్కని నీకిచ్చారు. ఇది చీటీ అనుకుంటున్నావా? బెదిరింపు లేఖ. ‘తలుపు తీయవద్దు’ అని బెదిరింపు. ‘మిగతాది వచ్చాక చెబుతాను’ అని వాయిదా. అంటే ఇంకా కోరికలు ఉన్నాయన్నమాట.”

“అది మా ఆవిడ రాతేరా. అదే, మా పొద్దుటి డ్యూటీ ఆవిడ.”

“ఆమె చేత రాయించారు. మెడ మీద కత్తి పెట్టి. అందుకే అన్ని తప్పులు వచ్చాయి.”

పైన మూడు గదులు. మొదటిది పాత నమూనాల గది. కిటికీలు మూసి చీకటిగా ఉంది. డేగకన్ను గుమ్మంలో నిలబడి చూపుడువేలు తుపాకీలా చాచి “చేతులెత్తు!” అని గర్జించాడు. ఎదురుగా గడ్డి కూరిన ఎలుగుబంటి నలభై ఏళ్ళుగా చేతులెత్తే నిలబడి ఉంది.

“లొంగిపోయాడు,” అన్నాడు డేగకన్ను గొంతు తగ్గించి. ఆ తర్వాత కాసేపు బావ వెనకాలే నడిచాడు.

బావ ఆ గదిలో ప్రతి అలమారా కింద, ప్రతి అట్టపెట్టె వెనక చూశాడు. “తల్లీ, తల్లీ” అని మెల్లగా పిలుస్తూ నేల మీద పాకాడు. ఎలుక లేదు. రెండోది టీ తాగే గది. అక్కడ చక్కెర డబ్బా చుట్టూ చీమలు తప్ప వేరే ప్రాణి లేదు. ఇక మిగిలింది డైరెక్టరమ్మ గది. దాని తలుపు మూసి ఉంది.

“‘తలుపు తీయవద్దు’ అన్నారు. పైన మూసి ఉన్న తలుపు ఇదొక్కటే. నేరం విప్పిన పొట్లంలా కనపడుతోంది బావా,” అని డేగకన్ను తలుపుకి చెవి ఆనించాడు.

లోపలి నుంచి డైరెక్టరమ్మ గొంతు ఖంగుమంటూ వినిపించింది. “ఎలుక మా చేతుల్లోనే ఉంది! దాన్ని మా దగ్గరే ఉంచండి! లేకపోతే ఆ జాతి సర్వనాశనమైపోతుంది! ఆ పాపం మీదే!”

“వింటున్నావా? తన నోటితోనే ఒప్పుకుంటోంది.”

“ఒరేయ్, అది ఉపన్యాసం. కమిటీ ముందు చెప్పడానికి...”

బావ మాట పూర్తయ్యేలోగా డేగకన్ను తలుపుని భుజంతో గుద్దాడు. తలుపుకి గడియ లేదు. అతను ఆ ఊపులోనే గది అడ్డంగా దాటి, అద్దం ముందు దువ్వెన మైకులా పట్టుకుని నిలబడ్డ డైరెక్టరమ్మ కాళ్ళ దగ్గర ఆగాడు.

“కదలొద్దు! ఎలుక ఎక్కడ?” అన్నాడు కింద నుంచే.

“ఎలుక ఎక్కడేమిటి? కింద బోనులో ఉంది కదా?” అని డైరెక్టరమ్మ గుమ్మంలో ఉన్న బావ వైపు చూసింది. బావ తలవంచుకున్నాడు. ఆమె చేతిలో దువ్వెన జారి డేగకన్ను నెత్తిన పడింది.

“రెండో దాడి,” అన్నాడు అతను. ఎవరూ రాసుకోలేదు.

డైరెక్టరమ్మ తిట్టి ఉంటే బావకి కాస్త తేలికయ్యేది. ఆమె తిట్టలేదు. కుర్చీలో కూర్చుని, “పద్ధెనిమిదేళ్ళలో ఒక్క రోజు గొళ్ళెం మర్చిపోని మనిషివి నువ్వు. ఇవాళే ఎందుకయ్యా?” అంది. బావకి ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, లేదని కాదు. అంతకన్నా, తన అరచేతిలో తప్ప నిద్రపోవడం తెలియని ఆ జానెడు ప్రాణం ఇప్పుడు ఏ మూల బిక్కుబిక్కుమంటోందోనన్న బెంగ ఆయన్ని తినేస్తోంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కళ్ళజోడు లేదు కాబట్టి తుడుచుకోవడం తేలికైంది.

మధ్యాహ్నమంతా ముగ్గురూ మేడ మీద గదులు మళ్ళీ వెతికారు. ఆఖరికి మేడ పైకప్పు మీద కూడా చూశారు. డేగకన్ను నీళ్ళ ట్యాంకులో తల పెట్టి “ఎవరక్కడ?” అని అడిగితే, ట్యాంకు కూడా “ఎవరక్కడ?” అని అడిగింది. దానికి అతను తన పూర్తి పేరూ వృత్తీ చెప్పుకున్నాడు. మూడున్నరకి కిందికి దిగి బోర్డు ముందు నిలబడిపోయాడు. గోడకి పెట్టించే ముందు డైరెక్టరమ్మ దీన్ని కూడా దిద్దమని అతని ప్రెస్సుకే పంపింది.

“బావా,” అన్నాడు. “ఇందులో ఒక్క అచ్చుతప్పు లేదు. అందుకే నాకు అనుమానం వచ్చింది.”

“ఏమని?”

“రెండిటినీ పోల్చి చూడు. ఒకటి అరుదైనది, ఇంకోటి మామూలుది. ఎలుక దగ్గర జనం మూగుతారు, ఫొటోలు తీసుకుంటారు. చెట్టు దగ్గర గొడుగులు ఆనిస్తారు. ఎలుకకి సంరక్షకుడున్నాడు, కమిటీ ఉంది, ఉపన్యాసం ఉంది. చెట్టుకి ఏముంది? చివరికి తోక కూడా లేదు. ఒకే కప్పు కింద రెండు నెలలు ఆ అవమానం భరించింది. అసూయ బావా, అసూయ! నేరం చేసింది పైన్ చెట్టు!”

బావ జీవితంలో చాలా ఓర్చుకున్నాడు. గొడుగు కేసులో ఎదురింటికి వెళ్ళి క్షమాపణ చెప్పింది ఆయనే. కానీ ఇప్పుడు ఓపిక నశించింది. “చెట్టు ఎలుకని ఎత్తుకెళ్ళిందా? నా బతుకు బజారున పడబోతుంటే నీకు పరాచికాలుగా ఉందా? పో, ఇంటికి పో!”

“నిజం మొదట్లో అందరికీ పరాచికంగానే ఉంటుంది,” అని డేగకన్ను పైన్ గది గడియ తీసి లోపలికి దూరాడు. ఆ గది తోటమాలి చూసుకునేది. పొద్దున్న బావ అద్దంలోంచి ఒకసారి చూసి, చెట్టు తప్ప ఏమీ లేదనుకుని వదిలేశాడు. ఇప్పుడు తలుపులోంచి చూస్తుండగానే డేగకన్ను చెట్టుని రెండు చేతులా వాటేసుకున్నాడు.

“ఏం చేస్తున్నావురా?”

“సోదా. ఆ తర్వాత గుండె చప్పుడు. దోషి గుండె వేగంగా కొట్టుకుంటుంది,” అని చెంప మానుకి ఆనించాడు. పైన్ మాను నిండా బంక కారి ఉంది. చెంప అతుక్కుంది. చెంపతో పాటు ఎడమ వైపు మీసం అతుక్కుంది. చేతులు తీయబోతే చొక్కా అతుక్కుంది.

“బావా! చెట్టు నన్ను అరెస్టు చేసింది!”

“అలాగే ఉండు. నాలుగయ్యేదాకా నాకు మనశ్శాంతి.”

“పరాచికాలు కాదు బావా, ఎవరో నా మెడ పట్టుకుని లాగుతున్నారు! నిజంగా లాగుతున్నారు! అక్కకి చెప్పు, నేను వీరమరణం...”

అతని గొంతులో నిజమైన భయం విని బావ లోపలికి వచ్చాడు. దగ్గరికి వెళ్తే కళ్ళజోడు లేకపోయినా కనిపించింది. మఫ్లర్ కొసన వేలాడే ఎర్ర దారం ఇప్పుడు వేలాడటం లేదు. బిగుసుకుని నిటారుగా పైకి, కొమ్మల్లోకి పోతోంది. చిన్న చిన్న కుదుపులతో, ఆగి ఆగి, ఇంకా ఇంకా పోతోంది. మఫ్లర్ కళ్ళ ముందే వరస వరసే ఊడి పొట్టిదవుతోంది.

తీగ లాగితే డొంక కదిలినట్టు, బావ ఆ దారం వెంట కళ్ళు పైకి నడిపించాడు. తొట్టి అంచు మీద కాలు పెట్టి, డేగకన్ను భుజం మీద రెండో కాలు పెట్టి ఎక్కాడు.

“అబ్బా! మూడో దాడి!”

“నోర్ముయ్,” అన్నాడు బావ గుసగుసగా. ఆ గుసగుసలో ఏదో ఉంది, డేగకన్ను నిజంగానే నోరు మూశాడు.

రెండు కొమ్మలు చీలిన చోట పిడికెడు గూడు. వెంట్రుకల్లా చీల్చిన పైన్ ఆకుల పీచు, దాని మీద మెత్తగా ఎర్ర ఉన్ని. అందులోంచి రెండు మిరియపు గింజలు బావని గుర్తుపట్టి చూశాయి. దాని పొట్ట కింద చిక్కుడు గింజలంత గులాబీ రంగు ముద్దలు కదులుతున్నాయి. బావ లెక్కపెట్టాడు. నమ్మకం చాలక మళ్ళీ లెక్కపెట్టాడు. మూడు.

“తల్లీ,” అన్నాడు. “నాకు ఒక్క మాట చెప్పలేదేమే?” ఈసారి కళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు. పోయిన మగ ఎలుక పోతూ పోతూ వదిలిపెట్టి వెళ్ళిన సంతానం అది. అద్దాల బోనులో ఎన్నేళ్ళున్నా పుట్టని పిల్లలు, ఎవరూ పట్టించుకోని ఈ మామూలు చెట్టు చీలికలో పుట్టారు.

సరిగ్గా అప్పుడే డైరెక్టరమ్మ పాలిపోయిన మొహంతో కమిటీని వెంటబెట్టుకుని హాల్లోకి వచ్చింది. వాళ్ళు పావుగంట ముందే దిగారు. అద్దంలోంచి బావ వేలు పెదవుల మీద పెట్టి, రెండో చేత్తో పైకి చూపించి, ఆ తర్వాత మూడు వేళ్ళు చూపించాడు. డైరెక్టరమ్మకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె బట్టీ పట్టిన ఉపన్యాసమంతా మర్చిపోయి, కమిటీ పెద్దాయన చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. ఒక్కొక్కరూ చెప్పులు విప్పి, తలుపు దగ్గరి నుంచే తొంగిచూశారు. చివర్న పెద్దాయన చూపు కిందికి దిగి మాను దగ్గర ఆగింది.

“ఆ చెట్టుని కరుచుకున్నదేమిటి? అది కూడా అంతరించిపోతున్న జాతేనా?” అని అడిగాడు మెల్లగా.

“కాదండీ, అది బావమరిది,” అన్నాడు బావ. “చాలా మామూలు జాతి. ప్రతి ఇంట్లో ఒకటి ఉంటుంది.”

“ప్రమాదకరమా?”

“దానివల్ల దానికే అండి.”

పెద్దాయన నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. “పిల్లతల్లిని ఇప్పుడు ఎక్కడికి కదుపుతాం? గది ఇక్కడే ఉంటుంది. ఈయనా ఇక్కడే ఉంటాడు.”

“నేనా?” అన్నాడు డేగకన్ను ఆశగా, అతుక్కోకుండా మిగిలిన సగం నోటితో.

“నువ్వు కాదు.”

కమిటీ వెళ్ళాక నూనె రాసి, కత్తెర వేసి అతన్ని ఊడదీశారు. చొక్కా సగం, మీసం సగం చెట్టుకే మిగిలాయి. మర్నాటికి ఆ మీసం కూడా గూట్లో కనిపించింది. అది తర్వాతి మాట. ప్రస్తుతం డేగకన్ను ఒక వైపు మీసంతో కుర్చీలో కూర్చుని తన డైరీలో రాసుకుంటున్నాడు: ‘ఏడో కేసు. చెట్టే దోషి అని నేను మొదటే కనిపెట్టితిని.’

“మొదట డైరెక్టరమ్మ అన్నావు,” అన్నాడు బావ.

“అది దోషిని ఏమరుపాటులో ఉంచడానికి.”

బావ ఫోన్ మోగింది. పొద్దుటి డ్యూటీ ఆవిడ. రైలు కొండలు దాటినట్టుంది, గొంతు గట్టిగా వస్తోంది. “చీటీ చూశారు కదండీ? పొద్దున్న ఒకటే తొందరపడిపోతోంది, బోనంతా గోకేస్తోంది. ఇది నీళ్ళాడే తొందరేనని నాకు తెలిసిపోయింది. చెట్టుంటే గూడు కట్టుకుంటుందని అందులో వదిలాను. తలుపు తీస్తే బెదురుతుందని తీయొద్దని రాశాను. నా రైలుకి టైమైపోతోందాయె.”

“ఎంత మంచి పని చేశావమ్మా! కానీ పైన గది అని రాశావేం? మేడంతా గాలించి చచ్చాం.”

“పైన గదేమిటండీ? పైన్ గది అని రాస్తే! మీ కళ్ళ సంగతి తెలిసి పొల్లు కూడా ఒత్తి ఒత్తి పెట్టాను.”

బావ ఫోన్ పెట్టేశాడు. రిజిస్టరు తెరిచాడు. డేగకన్ను జేబులోంచి భూతద్దం లాక్కుని చీటీ మీద పెట్టాడు. పొద్దుటి నుంచి ఆ భూతద్దానికి దొరికిన మొదటి సరైన ఆధారం అదే. నల్ల సిరాతో ఒత్తి రాసిన ‘పైన్’. ఆ పొల్లు మీద ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత. పక్కన మార్జిన్లో, తీసివేయుము అని చెప్పే సున్నా చుట్టిన గుర్తు, చక్కగా, ఉద్యోగ ధర్మం తప్పకుండా.

బావ భూతద్దం బావమరిది చేతికిచ్చాడు. డేగకన్ను వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. మిగిలిన మీసం మెల్లగా కిందికి వాలింది.

“బావా,” అన్నాడు చివరికి. “దోషి దొరికాడు.”

“ఎవరు?”

“ఎర్ర సిరా వాడే మనిషి. చదువుకున్నవాడు. చెయ్యి తిరిగినవాడు. గుర్తులన్నీ చూస్తే...” ఎర్ర పెన్ను జేబులో దాచుకున్నాడు. “మన ఇంటివాడిలాగే ఉన్నాడు.”

“మీ అక్కకి పట్టివ్వమంటావా?”

“వద్దు బావా. నీకు పుణ్యముంటుంది.”

బావ పొద్దుటి నుంచి దాచిపెట్టుకున్న కోపం కోసం లోపల వెతుక్కున్నాడు. మేడ మెట్లు ఎక్కిన కోపం, నేల మీద పాకిన కోపం, డైరెక్టరమ్మ ముందు తలవంచుకున్న కోపం. మూడు చిక్కుడు గింజల కింద అవేవీ కనిపించలేదు. “సరే. పొల్లు తీసిన చేత్తోనే పొల్లు పెట్టు,” అన్నాడు.

డేగకన్ను పొల్లు పెట్టాడు. ఈసారి బడిలో పిల్లాడిలా నాలుక బయటపెట్టి జాగ్రత్తగా పెట్టాడు. పెన్ను మూత పెట్టబోతుంటే బావ చెయ్యి పట్టుకుని లేపి, బోర్డు దగ్గరికి తీసుకెళ్ళాడు.

“ఇందులో ఒక తప్పుంది. పట్టుకో.”

“లేదు బావా. మూడుసార్లు చూశాను. ఒక్క అక్షరం పొల్లు పోలేదు.”

“ఉంది. చూడు.”

డేగకన్ను ఎత్తు చూశాడు, ఆయుష్షు చూశాడు. తోక దగ్గర కాసేపు ఆగాడు. దీర్ఘాలన్నీ ఉన్నాయి, సున్నాలన్నీ ఉన్నాయి. బావ ఓపిగ్గా నిలబడ్డాడు. అద్దం అవతల కొమ్మల్లో ఎర్ర ఉన్ని చిన్నగా కదిలింది. డేగకన్ను అటు చూశాడు, మళ్ళీ బోర్డు చూశాడు. ‘మా దగ్గర ఉన్నవి’ అన్న వరస దగ్గర అతని నోరు తెరుచుకుంది.

ఎలుక వైపున్న ‘ఒకటి’ మీద ఎర్ర గీత కొట్టి, పక్కన ‘నాలుగు’ అని రాశాడు. అదే ఊపులో పైన్ వైపున్న ‘ఒకటి’ మీదికి కూడా పెన్ను పోనిచ్చాడు.

“ఆగరా,” అని బావ అతని చెయ్యి పట్టుకున్నాడు. “చెట్టు ఒకటే. అది చాలు.”